పంతొమ్మిదో వరుస

పద్దెనిమిది దాటగానే ఇరవైకి దూకేస్తే సరి, కంప్యూటరుకేం పట్టింపు, కళ్ళు నావి, వేలు నాది, పంతొమ్మిదో వరుసను చూడకుండా కిందికి జరిపేస్తే దాని చోట అది ఉంటుంది, లేచొచ్చి నన్నేం కరవదు, అనుకుంటూ మౌసు మీద వేలు పెట్టుకుని ఎంతసేపటి నుంచి కూర్చున్నానో నాకే తెలియదు, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, గది చల్లదనం వల్లనేమో, ఎవరైనా అడిగితే అలాగే చెప్పాలి, ఏసీ మరీ ఎక్కువైందండీ అని, ముప్పై ఎనిమిది మంది మనుషులు, ముప్పై ఎనిమిది వరుసలు, ఒక్కొక్కరికి రెండేసి అంకెలు, ఒకటి హార్మోను ముక్కులో కొట్టిన రోజుది, ఇంకొకటి ఉత్త ఉప్పునీళ్ళు కొట్టిన రోజుది, ఏ రోజు ఏది కొట్టారో ఇవాళ్టి పొద్దుటిదాకా ఎవరికీ తెలియదు, కొట్టిన నర్సమ్మకు తెలియదు, కొట్టించుకున్నవాళ్ళకు తెలియదు, లెక్క వేయాల్సిన నాకూ తెలియదు, ఆ గుట్టంతా ఒక కవర్లో పెట్టి సీలు వేసి ప్రొఫెసర్ గారి బీరువాలో దాచారు, పదకొండింటికి ప్రొఫెసర్ గారు దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టి, చేతి గడియారం చూసుకుని, నాలుగింటికల్లా ఫలితం చెప్పాలమ్మా, రెండేళ్ళ కష్టం, అని వెళ్ళిపోయారు, భోజనం చేస్తూ కూడా గడియారం చూసుకుంటారని చాటుగా మేమంతా గడియారం గారని పిలుచుకునే మనిషి, ఇవాళ ఆ మాట గుర్తొచ్చినా నవ్వు రాలేదు, కవరు చింపాను, ఏ నంబరుకు ఏ రోజు ఏదో ఒక్కొక్కటే ఎక్కించాను, ఒకటి నుంచి పద్దెనిమిది దాకా, ఇరవై నుంచి ముప్పై ఎనిమిది దాకా, మధ్యలో ఒక్క గడి ఖాళీగా మిగిలింది, పంతొమ్మిది, పంతొమ్మిదో నంబరు మా ఆయన.

ఈ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు, తెలిస్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, ఈ పనిలో ఉన్నవాళ్ళ ఇంట్లోవాళ్ళు పరీక్షకు రాకూడదని నిబంధనల మొదటి పేజీలోనే ఉంది, ఆ పేజీ టైపు చేసింది నేనే, అయినా మనుషులు చాలక కాగితాలు పంచుతున్న రోజుల్లో ఒక కాగితం ఇంటికి పట్టుకెళ్ళి భోజనాల బల్ల మీద పెట్టాను, రమ్మని అడగలేదు, ఆయన్ని దేనికైనా అడగడం నాకు చేతకాదు, కనబడేలా పెట్టానంతే, మొహాలు చూసి మనసులో ఏముందో చెప్పే పరీక్ష అని పైన పెద్దక్షరాల్లో ఉంది, పరీక్ష అంటే ఆయనకు సరదా, దేంట్లోనైనా తనే ముందుండాలి, రెండ్రోజులు పోయాక, మీ ఆఫీసువాళ్ళదేగా, నేను వెళ్తాను అన్నారు, ఫారంలో ఇంటి అడ్రసు రాయకండి, మీ డ్రైవింగ్ స్కూలుది రాయండి అన్నాను, ఎందుకని అడగలేదు, నా వంక ఒకసారి చూశారు, నేను గిన్నెలు సర్దుకున్నాను, తర్వాత చొక్కా ఉతకబోతుంటే జేబులో చీటీ దొరికింది, తేదీలు రెండు, మధ్య రెండు వారాలు, పైన నంబరు, ఆ నంబరు ఎందుకు చూశానా అని అప్పట్నుంచీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను, ఇదంతా ఎందుకు చేశావంటే ఏం చెప్పను, నవ్వుతారు, ఆ హార్మోను మీద నాకు ఆశ పుట్టింది, తల్లి బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఒంట్లో ఊరేదట అది, దాన్ని ముక్కులో కొడితే ఎదుటివాళ్ళ బాధ ఇంకాస్త తెలిసొస్తుందేమోనని ప్రొఫెసర్ గారి ఊహ, మొదటిసారి మీటింగులో ఆ మాట విన్నప్పుడు నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పక్క కుర్చీలోవాళ్ళకు వినబడుతుందేమోనని కాగితాలు కావాలని చప్పుడు చేశాను, ఎందుకంటే పదకొండేళ్ళుగా నేను నమ్ముకున్నది ఒక్కటే, ఆయన చెడ్డవారు కాదు, ఆయనకు కనబడదు, అంతే, కొందరికి రంగులు తెలియనట్టు ఆయనకు నా మొహంలో భయం తెలియదు, తెలిస్తే ఆపేస్తారు, తెలిస్తే ఏ మనిషైనా ఆపేస్తాడు కదా.

ఆపేదేమిటో చెప్పమంటే నాకు మాటలు రావు, పదకొండేళ్ళలో ఆయన నా మీద చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు, తాగుడు లేదు, ఆయన చేసేదల్లా కారు నడపడం, ఊళ్ళో సగం మందికి కారు నేర్పింది ఆయనే, సార్‌కి ఎంత ఓపికండీ అని దుకాణంలో నన్ను గుర్తుపట్టి మరీ చెప్తారు, ఇంట్లో నా వల్ల ఏదైనా పొరపాటు జరిగితే ఏమీ అనరు, సాయంత్రం ఆఫీసుకొస్తాను, బస్సెక్కకు అంటారు, ఊరు దాటేదాకా మామూలుగానే ఉంటుంది, తర్వాత కొత్త రోడ్డు, అటూ ఇటూ లారీలు, ముల్లు ఎనభై, వంద, నూట ఇరవై, ఆయన చేతులు రెండూ స్టీరింగు మీద పాఠంలో చెప్పినట్టే ఉంటాయి, మొహంలో కోపం ఉండదు, ముందున్న లారీ వెనకబల్ల మీది చిన్నక్షరాలు చదవగలిగేంత దగ్గరికి పోనిచ్చి ఆఖరి క్షణంలో పక్కకు తిప్పేస్తారు, నేను సీటు బెల్టును రెండు చేతుల్తో పట్టుకుని, నోరు తెరిస్తే ఇంకా పెంచుతారని పళ్ళు బిగించి కూర్చుంటాను, ప్రతి మలుపు దగ్గరా ఆయన తల ఒకసారి నా వైపు తిరుగుతుంది, అద్దం చూసుకుంటున్నారనుకుంటాను, అద్దం చూడకుండా మలుపు తిప్పే మనిషి కాదు కదా, అలా అరగంట, ముప్పావుగంట, తర్వాత ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి టీవీ పెట్టుకుంటారు, నేను మెట్ల మీదే కూర్చుండిపోతాను, ఇవాళ పొద్దున ఏమైందంటే, ఎవరో నేర్చుకునే ఆవిడ, ఆరింటికి రాలేను, ఏడింటికొస్తానని నిన్న ఇంటికి ఫోను చేసింది, ఆయనకు చెప్పడం మరిచిపోయాను, ఎలా మరిచిపోయానో, ఆయన వెళ్ళి గంటసేపు స్కూలు ముందు నిలబడ్డారు, తిరిగొచ్చి మొహం కడుక్కుని, తువ్వాలు మడతపెట్టి దండెం మీద వేసి, ఐదున్నరకు వస్తాను, గేటు దగ్గర ఉండు అన్నారు, ఇప్పుడు పదకొండు నలభై.

పని చూసుకోవాలి, పని చూసుకుంటే కాసేపు ఐదున్నర గుర్తుండదు, లెక్క నిజానికి చిన్నదే, అరవై ఫొటోలు, ఒక్కొక్కటి తెర మీద రెండు సెకన్లుండి పోతుంది, ఆ మొహంలో ఉన్నది సంతోషమా, దుఃఖమా, కోపమా, అసహ్యమా, ఆశ్చర్యమా, భయమా, ఆరు మీటల్లో ఒకటి నొక్కాలి, మిగతావి ఎవరైనా చెప్పేస్తారు, భయం దగ్గరే తడబడతారు, కళ్ళు పెద్దవైతే చాలు ఆశ్చర్యమని నొక్కేస్తారు, అందుకని ప్రొఫెసర్ గారు భయం ఫొటోలు పదింటినే లెక్కలోకి తీసుకున్నారు, పదికి ఎన్ని, ఆ రోజు ఎన్ని, ఈ రోజు ఎన్ని, ఒకరిని ఇంకొకరితో పోల్చకూడదు, ఒకరు పుట్టుకతోనే మెత్తన, ఒకరు మొద్దు, అందుకని ఎవరిని వాళ్ళతోనే పోల్చాలి, హార్మోను రోజు మార్కుల్లోంచి ఉప్పునీళ్ళ రోజు మార్కులు తీసెయ్యాలి, మిగిలిన తేడాలన్నీ ఒకచోట చేర్చి, అవి సున్నాకు ఎంత దూరం జరిగాయో, ఆ జరగడం ఊరికే కాకతాళీయమో కాదో చూడాలి, జంట పరీక్ష అంటాం, కొత్తగా చేరినవాళ్ళకు ఇది నేనే నేర్పుతాను, ఇంట్లో నేను చేస్తున్నదీ ఇదే, పోయిన నెల మూడుసార్లు కొత్త రోడ్డు, ఈ నెల రెండేసార్లు, తేడా ఒకటి, అంటే నయమే, పోయినేడాది వానలో తీసుకెళ్ళారు, ఈ ఏడాది వానలో తీసుకెళ్ళలేదు, అంటే నయమే, అక్కతో అదే చెప్పాను, బట్టల సంచి సర్దుకుని అక్క ఇంటికి వెళ్ళిన రోజున, కొట్టాడా అంది అక్క, లేదు, తిట్టాడా, లేదు, మరెందుకే అలా వణికిపోతున్నావు అంది, కారు సంగతి సగం సగం చెప్పి, కానీ ఈమధ్య నయమే అక్కా అన్నాను, అక్క చేస్తున్న పని ఆపి నా ఎదురుగా కూర్చుంది, నువ్వెప్పుడు చూసినా ఆ మనిషిని ఆ మనిషితోనే పోలుస్తావే, పోయిన నెల కంటే నయం, పోయినేడు కంటే నయం అని, ఒక్కసారి మీ బావతో పోల్చి చూడు, ఎవరో ఒకరితో పోల్చి చూడు అంది, నాకు కోపమొచ్చింది, మీ ఆయన గొప్పలు నాకెందుకు చెప్తావు అని సంచి పట్టుకుని వచ్చేశాను, ఆరు నెలలైంది ఫోను చేసి, అక్కా చేయలేదు, కాదు, చేసింది, నేనే ఎత్తలేదు.

కానీ ఆ ఒక్క సాయంత్రం అబద్ధం కాదు, అక్కకు అది తెలియదు, ఎవరికీ తెలియదు, నలభై ఐదు రోజుల కిందట, ఆయన మొదటిసారి ఇక్కడికొచ్చి స్ప్రే కొట్టించుకున్న రోజు, నేను వంటింట్లో గ్లాసులు కడుగుతున్నాను, సబ్బు చేతుల్లోంచి ఒకటి జారి నేల మీద భళ్ళుమంది, ఆయన హాల్లో ఉన్నారు, లేచిన చప్పుడు, అడుగుల చప్పుడు, నేను గోడకు అతుక్కుపోయాను, గుమ్మంలోకి వచ్చి నన్ను చూశారు, ఏమన్నారో ఇప్పటికీ ఒక్కో మాటా అలాగే చెప్పగలను, భయపడుతున్నావా, వద్దు, అలా కుర్చీలో కూర్చో, కాళ్ళు కిందపెట్టకు, నేను తీస్తాను, అన్నారు, మోకాళ్ళ మీద కూర్చుని గాజుముక్కలు ఒక్కొక్కటీ ఏరి పాత పేపర్లో పెట్టారు, వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి వేశారు, నేను స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను, ఆనందానికి కూడా కుళాయి తిప్పుకునే ఏడవడం నాకలవాటు, పనిచేసింది, మందు పనిచేసింది, ఆయనకు కనబడింది, అనుకున్నాను, రెండు వారాలకు ఆయన మళ్ళీ వచ్చి వెళ్ళారు, ఆ సాయంత్రం మామూలే, ఆ మర్నాడు కొత్త రోడ్డు, అంటే మొదటి రోజు హార్మోను, రెండో రోజు ఉప్పునీళ్ళు, కవరు చూడక్కర్లేదు, నాకు ముందే తెలుసు, అలా అనుకుని నలభై ఐదు రోజులు బతికాను, ఈ మందు ఏదో ఒకనాటికి మందుల షాపుల్లోకి వస్తుంది, పొద్దున పళ్ళు తోముకున్నాక ఒకసారి కొట్టుకోండి, జలుబుకు మంచిది అని చెప్తాను, అబద్ధమైతేనేం, అని కూడా అనుకున్నాను, కవరు ఆ ఆశను ఉంచుతుందా తీసేస్తుందా, అదీ నా భయం, ఖాళీ గడి అలా నోరు తెరుచుకుని ఉంటే ఇంకెంతసేపు, కాగితం మీద వేలు పెట్టి పద్దెనిమిది, పంతొమ్మిది, కళ్ళు తెరిచాను, మొదటి రోజు ఉప్పునీళ్ళు, రెండో రోజు హార్మోను.

ఉప్పునీళ్ళు, ముక్కు దిబ్బడకు వాడే ఉప్పునీళ్ళు, మూడుసార్లు చదివాను, పై వరుసలోది చూశానేమోనని స్కేలు పెట్టి చదివాను, అదే, మందు లేదు, మందనేదే లేదు, ఐదున్నరకు ముక్కులో కొట్టడానికి ఈ లోకంలో ఏమీ లేదు, బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను, అంతలోనే, మనసెంత చిత్రమైందో, ఒక మూల నుంచి సన్నగా ఇంకో మాట, అయితే మంచిదేగా, ఏ మందూ లేకుండానే ఆ సాయంత్రం ఆయన అలా ఉన్నారంటే అది ఆయన సొంతమేగా, ఆ మంచితనం సీసాలోంచి రాలేదుగా, అది లోపలే ఉంది, ఇంకాస్త ఓపిక పడితే అదే బయటికొస్తుంది, ఫోను చేసిన ఆవిడ సంగతి నేను మరిచిపోకుండా ఉంటే, గ్లాసులు జార్చకుండా ఉంటే, అని లెక్క మళ్ళీ మొదలైంది, పిచ్చిదానిలా కళ్ళు తుడుచుకుని, ఖాళీ గడి నింపి, మార్కుల ఫైలు తెరిచి రెంటినీ కలిపి పరీక్ష నడిపించాను, వరుసలు చూడలేదు, అట్టడుగున వచ్చిన జవాబు ఒక్కటే చూశాను, సగటు తేడా పదికి పాయింటు రెండు, హార్మోను వైపే, కానీ హార్మోను ఏ పనీ చేయకపోయినా ఊరికే ఇంత తేడా కనబడే అవకాశం నూటికి ముప్పై ఒకటి, ఐదు లోపు ఉంటే తప్ప ఎవరూ ఒప్పుకోరు, అంటే రెండేళ్ళ కష్టానికి జవాబు ఏమీ తేలలేదు అని, రెండింటికి ప్రొఫెసర్ గారు తలుపు దగ్గరకొచ్చి నా మొహం చూసి విషయం పట్టేశారు, రాలేదా అన్నారు, రాలేదండీ అన్నాను, పాపం భుజాలు జారిపోయాయి, ఇంకో రకంగా చేసి చూడమ్మా, మార్కులు ఒక పక్కకు ఒరిగి ఉంటాయేమో, ఆ వరసలు పేర్చే పరీక్ష ఉందిగా, అది చెయ్యి, అని గడియారం వంక చూడకుండానే వెళ్ళిపోయారు.

అది ఎలా చేస్తారంటే, తేడాలను చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసలో పేర్చి, పెరిగినవి ఒక కుప్ప, తగ్గినవి ఒక కుప్ప పోసి తూచినట్టు చూస్తారు, అందులో ఒక చిక్కుంది, రెండు రోజులూ ఒకే మార్కు వచ్చినవాళ్ళు ఏ కుప్పలోకీ రారు, వాళ్ళను లెక్కలోంచి తీసేసి, ఎవరెవర్ని తీశామో రిపోర్టు చివర రాయాలి, తీసేసినవాళ్ళు తొమ్మిది మంది, తెర మీద జాబితా పడింది, ఇది చూడక తప్పదు, చేత్తో రాయాలి, రెండో నంబరు, ఆరు, ఆరు, ఎనిమిదో నంబరు, ఐదు, ఐదు, పదకొండు, ఏడు, ఏడు, పద్నాలుగు, ఆరు, ఆరు, పంతొమ్మిది, పది, పది, కలం ఆగిపోయింది, పది, పది, ఆ పై వరుసా ఈ కింది వరుసా కలిసి అలా కనబడుతోందేమోనని మళ్ళీ స్కేలు పెట్టాను, మొత్తం ఫైలు తెరిచి ముప్పై ఎనిమిది వరుసలూ పైనుంచి కిందిదాకా చదివాను, ఇప్పుడు దేన్నీ దాటేయలేదు, సగటు ఆరు, నలుగురు పిల్లల తల్లి అని నర్సమ్మ మెచ్చుకున్నావిడకు ఎనిమిది, ఏడు, ఎవరికీ పది లేదు, ఒక్కరోజైనా ఎవరికీ లేదు, ఒక్క పంతొమ్మిదికి తప్ప, హార్మోను రోజూ పది, ఉప్పునీళ్ళ రోజూ పది, మిషను తప్పై ఉండాలి, తప్పకుండా మిషను తప్పే, ఆ ఒక్కరి రోజున భయం మీట నొక్కుకుపోయి ఉంటుంది, అదీ చూశాను, ఆశ్చర్యం ఫొటోలకు ఆశ్చర్యమనే ఉంది, సంతోషానికి సంతోషమనే ఉంది, ఎక్కడా ఏ మీటా ఇరుక్కోలేదు.

నర్సమ్మ టీ పట్టుకుని వచ్చింది, ప్రతిరోజూ మూడుంబావుకు రెండు కప్పులు తెచ్చి నా బల్ల చివర కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటుంది, వచ్చే ఏడు రిటైరవుతుంది, పరీక్షకొచ్చిన ప్రతి మనిషి ముక్కూ ఆవిడకు గుర్తే, నేను గొంతు మామూలుగా పెట్టుకుని, ఒక నంబరు దగ్గర మిషను మీద అనుమానంగా ఉంది నర్సమ్మ గారూ, పంతొమ్మిది, రెండు రోజులూ పదికి పది చూపిస్తోంది అన్నాను, కప్పు కిందపెట్టి, మిషను కాదమ్మా, ఆ మనిషే అంత, అంది, కారు నేర్పే ఆయన కదూ, నేను పక్కనే ఉన్నాగా, ఫొటో సరిగ్గా పడకముందే నొక్కేసేవాడు, భయమైతే మరీనూ, ఉండబట్టలేక అడిగాను కూడా, ఎలా చెప్తున్నారండీ అంత త్వరగా అని, నవ్వాడు, నా పనే అది నర్సు గారూ, నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుంటాను, వాళ్ళు రోడ్డు చూస్తారు, నేను వాళ్ళ మొహం చూస్తాను, భయం కనబడగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది అన్నాడు, నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుందటగా, నాకు తెలియదు సుమా, అంటూ నర్సమ్మ ఇంకేదో చెప్తోంది, నాకు వినబడటం లేదు, మలుపు, లారీ, ఆయన తల నా వైపు తిరగడం, అద్దం, అద్దం కాదు, అద్దం ఎప్పుడూ కాదు, నా మొహం, ప్రతి మలుపు దగ్గరా నా మొహం చూసుకుని, అందులో ఉన్నదేమిటో అందరికంటే త్వరగా, అందరికంటే సరిగ్గా చదువుకుని, అప్పుడు ఆయన కాలు పోయేది, బ్రేకు మీదికి కాదు, పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా బ్రేకు మీదికి కాదు, పక్కనున్న యాక్సిలరేటరు మీదికి, నేను భయపడేకొద్దీ ముల్లు పెరిగేది, నోరు తెరిస్తే పెంచుతారని నోరు మూసుకున్నానే గానీ కళ్ళు మూసుకోలేదు, కళ్ళు చాలు, గ్లాసు పగిలిన సాయంత్రం ఆపాలనిపించింది, ఆపారు, మిగతా సాయంత్రాలు ఆపాలనిపించలేదు, అంతే తేడా, అమ్మాయ్, ఏంటమ్మా అలా అయిపోయావు అని నర్సమ్మ నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది, ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది, ఆ వెచ్చదనానికి నా నోరు దానంతటదే తెరుచుకుంది, ఆ పంతొమ్మిది మా ఆయన, అన్నాను.

తర్వాతవన్నీ వేగంగా జరిగినట్టూ ఉన్నాయి, నీళ్ళలో జరిగినట్టూ ఉన్నాయి, నాలుగింటికి ప్రొఫెసర్ గారి గదికి వెళ్ళాను, నర్సమ్మ తోడొచ్చింది, రెండో పరీక్షలోనూ ఏమీ తేలలేదండీ, ఇంకో సంగతి, పంతొమ్మిదో నంబరు నా భర్త, దాచాను, ఆ జంటను తీసెయ్యాలి, తీసేసినా జవాబు పెద్దగా మారదు, నా మీద ఏ చర్య తీసుకున్నా సరే, అన్నాను, ఒక్క ఊపిరిలో అన్నాను, ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు, కోప్పడతారనుకున్నాను, ఎందుకు చేశావమ్మా ఇలా అని మాత్రం అడిగారు, నర్సమ్మ అందుకుని, రేపు చెప్తుంది సార్, ఇవాళ ఆ పిల్లను వదిలెయ్యండి అంది, ఉత్తరం రాసివ్వాల్సి వస్తుంది, కమిటీ ముందు నిలబడాల్సి వస్తుంది అన్నారు, నిలబడతానన్నాను, తిరిగొస్తుంటే వరండాలో నర్సమ్మ నిలదీసింది, కొత్త రోడ్డు సంగతి మొదటి నుంచీ చివరిదాకా మొదటిసారి ఒక మనిషికి చెప్పాను, సగం సగం కాకుండా చెప్పాను, ఆవిడ అంతా విని, ఇవాళ ఆ కారు ఎక్కుతావా అంది, ఆ ప్రశ్న అడగొచ్చని కూడా నాకు ఇంతకాలం తోచలేదు, ఎక్కకపోతే ఏమవుతుందో తెలియదు, ఎక్కితే ఏమవుతుందో తెలుసు, తెలిసిన భయం అలవాటైన చెప్పులాంటిది, కాలు దానంతటదే దూరుతుంది, ఎక్కను, అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, అక్క నంబరు నొక్కాను, ఆరు నెలల తర్వాత, ఒక్క రింగుకే ఎత్తింది, ఎక్కడున్నావే అంది, ఎందుకు ఎత్తలేదని అడగలేదు, బావా నేనూ వస్తున్నాం, వెనక గేటు దగ్గర ఉంటాం, నువ్వొక్కదానివీ బయటికి రాకు, అంది.

ఐదు ఇరవై ఎనిమిది, మూడో అంతస్తు కిటికీ, నర్సమ్మ నా పక్కనే నిలబడింది, నా సంచి ఆవిడ భుజానికే వేసుకుంది, కింద ముందు గేటు దగ్గర తెల్ల కారు వచ్చి ఆగింది, అతను ఎప్పుడూ ఆలస్యం చేయడు, దిగి తలుపు దగ్గరగా వేసి, చొక్కా సర్దుకుని, లోపలి నుంచి వస్తున్న మనుషుల మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు, చూడకు అంది నర్సమ్మ, చూస్తాను అన్నాను, ఫోను మోగింది, చేతిలోనే ఉంది, ఎత్తకపోయినా ఫరవాలేదు అంది నర్సమ్మ, ఎత్తాను, గేటు దగ్గరున్నాను, ఎక్కడ, అన్నాడు, నేను రావటం లేదు, అన్నాను, అతను తల పైకెత్తి కిటికీలు వరసగా వెతికాడు, ఎండ అద్దాల మీద పడుతోంది, అతనికి నేను కనబడను, నా మొహం కనబడదు, అయినా ఆ గొంతు మెత్తగా, ఓపికగా, మొదటిసారి స్టీరింగు పట్టుకున్నవాళ్ళతో మాట్లాడే గొంతు, భయపడకు, ఏం కాదు, దిగి రా, అంది, నేను అన్నది మూడు పదాలే, రావటం లేదని, భయపడుతున్నానని నేను చెప్పనేలేదు, గొంతులోనే పట్టేశాడు, కూలబడాల్సిన నేను నిలబడే ఉన్నాను, ఫోను పెట్టేశాను, వెనక మెట్లు ఇటు అంది నర్సమ్మ, మెట్లు దిగుతున్నాను, భయం ఎక్కడికీ పోలేదు, ఇవాళా పోదు, రేపూ పోదేమో, కానీ ఎన్ని రాత్రులు పడుకుని పైకప్పు చూస్తూ మాటలు పేర్చుకున్నానో, నాకు భయమేస్తుందండీ, మీకు తెలియడం లేదు గానీ చాలా భయమేస్తుంది, అని ఎలా చెప్తే అతనికి అర్థమవుతుందో, ఏ వేళప్పుడు చెప్పాలో, ఏ గొంతుతో చెప్పాలో, సరైన మాట ఒక్కటి దొరికితే చాలు అంతా మారిపోతుందని పదకొండేళ్ళు వెతికానే, ఆ మాట ఇక వెతకక్కర్లేదు, అతనికి తెలుసు, మొదటి మలుపు దగ్గర్నుంచీ తెలుసు, నేను అతనికి చెప్పాల్సిందంటూ ఏమీ మిగల్లేదు.